హాల్‌స్టీన్ గుడిసె

బ్రెక్కే బూట్లతోనే లోపలికి వచ్చాడు.

ఉత్తర ధ్రువానికి దగ్గరగా ఉన్న మా లాంగ్‌యెర్‌బ్యెన్‌లో ఏ గడప లోపలికీ బూట్లతో ఎవరూ రారు. ఆఫీసైనా, ఆసుపత్రైనా, చర్చి అయినా వాకిట్లోనే విప్పేసి ఉన్ని మేజోళ్లతో నడవాల్సిందే. బొగ్గు గనుల కాలం నాటి అలవాటు అది. ఈ పెద్దమనిషి ఓస్లో నుంచి పెద్ద పోలీసు అధికారిగా దిగి నాలుగు రోజులైంది, ఇంకా ఒంటబట్టలేదు. విచారణ గది నేలంతా బురద చేసుకుంటూ వచ్చి, నా కుర్చీలో కూర్చుని, నా కాఫీ కప్పును పక్కకు నెట్టాడు.

"మధ్యాహ్నం విమానానికి వీణ్ణి ఎక్కిస్తున్నాను. మీ పని అయిపోయింది టోరున్ గారూ, ఇక ఫైలు మూసేయండి."

వీడు అంటే జెనన్. పోలండ్ నుంచి వచ్చిన డ్రోన్ కెమెరామన్. నా ఎదుట బల్లకు అవతల, బొటనవేలు దగ్గర చిరిగిన మేజోళ్లతో కూర్చుని ఉన్నాడు. సున్నివాను చంపింది ఇతనే అని బ్రెక్కే మొదటి రోజే తేల్చేశాడు. కాదని నా మనసు చెబుతోంది. మనసులో మాటకు కోర్టులో విలువ లేదు కాబట్టి నాకు మరీ మంటగా ఉంది.

సున్నివా చరిత్రకారిణి. 1911లో 'హావ్‌ఫ్రూ' అనే ఓడ మంచులో నలిగిపోయి, అందులోని ఎనిమిది మందీ ఏమయ్యారో తెలియకుండా పోయారు. వాళ్లు నడిచిన దారిని ఈ కాలపు పరికరాలతో, డ్రోన్లతో, మంచు లోపలికి చూసే రాడార్‌తో మళ్లీ అడుగడుగునా వెతకాలని ఆ పిల్ల మూడేళ్లు కాళ్లరిగేలా తిరిగి ఒక యాత్ర కట్టింది. గత ఆదివారం హాల్‌స్టీన్ గుడిసె బయట తల పగిలి చచ్చిపడి ఉంది. శుక్రవారం ఆ గుడిసెలో ఆమెతో ఉన్నది జెనన్ ఒక్కడే. ఇద్దరూ గట్టిగా అరుచుకోవడం రేడియోలో యాత్ర బృందమంతా వింది. ఆ సాయంత్రమే అతను విసురుగా మంచు స్కూటర్ ఎక్కి మిగతా బృందం దగ్గరికి వచ్చేశాడు. మర్నాడంతా తుపాను. గుర్తులన్నీ ఊడ్చిపెట్టుకుపోయాయి.

విమానం ఎక్కితే జెనన్ కథ ముగిసినట్టే. ఓస్లో వాళ్లకు ఈ మంచూ తెలియదు, ఈ మనుషులూ తెలియరు. బ్రెక్కే రాసిందే వేదం.

"ఇంకొక్కసారి చెప్పు. ఎందుకు అరుచుకున్నారు?" అని జెనన్‌ను అడిగాను.

అతను బ్రెక్కే వైపు భయంగా చూశాడు. "చెబితే ఈయన నవ్వుతారు మేడమ్. పొయ్యి గురించి."

బ్రెక్కే నిజంగానే నవ్వాడు. నేను నవ్వలేదు. మొత్తం చెప్పమన్నాను.

వాళ్లు గుడిసె చేరేసరికి ఇనుప పొయ్యి నిండా పుల్లలూ చెక్క తరుగూ ఉన్నాయట. ఎవరో చెత్త వదిలేసి పోయారనుకుని జెనన్ అదంతా లాగి మంచులో పారబోసి, పొయ్యిలో వేరే కట్టెల మీద పెట్రోలు పోసి మంట పెట్టాడట. పొయ్యి తలుపంతా మసి కొట్టుకుపోయింది. సున్నివా అది చూసి శివాలెత్తిపోయిందట. ఇంత బుద్ధిలేని మనిషివి నాకెక్కడ దొరికావని తిట్టిందట. చెత్త తీసినందుకు తిట్లేమిటని ఇతనూ తిరగబడ్డాడట.

నేనైతే తిట్టి ఊరుకునేదాన్ని కాదు, రెండు తగిలించేదాన్ని. మా దగ్గర ఏ గుడిసెకూ తాళం ఉండదు. వెళ్లిపోయేవాళ్లు బూడిద ఎత్తిపోసి, పొయ్యిలో సన్నగా చెక్కిన తరుగు అడుగున పెట్టి, పైన పుల్లలు, ఆ పైన కట్టెలు పేర్చి, అగ్గిపుల్ల చేతికందేలా ఉంచి మరీ తలుపు మూస్తారు. తర్వాత వచ్చేవాడి వేళ్లు గడ్డకట్టి ఉండొచ్చు. వాడికి ఒక్క పుల్ల గీసే ఓపికే మిగిలి ఉండొచ్చు. ఓడ నలిగిపోయిన చలికాలమంతా హాల్‌స్టీన్ అనే వేటగాడు హావ్‌ఫ్రూ మనుషుల కోసం ఒంటరిగా ఉత్తరమంతా గాలించాడనీ, దొరక్కపోయేసరికి కుమిలిపోయి ఈ అలవాటు మొదలుపెట్టాడనీ బడిలో మా పిల్లలకు చెబుతాం. ఊళ్లో ఒక వీధికి ఆయన పేరే పెట్టుకున్నాం.

"తర్వాత?" అన్నాను.

తర్వాత ఇద్దరూ సర్దుకున్నారట. మధ్యాహ్నం రాడార్‌లో ఏదో కనిపించింది. గుడిసె వెనక గుట్ట దాటగానే, మంచు తవ్వితే కింద చిరిగిన గుడారం, మనుషుల ఎముకలు, ఒక చేతిగొడ్డలి. సున్నివా ఆ గొడ్డలి పట్టుకుని గుడిసెకు వచ్చి తలుపు ముందు చాలాసేపు నిలబడి, ఏడ్చిందట. ఈ వార్త ప్రపంచానికి చెప్పేద్దామని జెనన్ తొందరపెట్టాడు. ఆమె ఒప్పుకోలేదు. ముందు ఊళ్లో ఒక మనిషికి చెప్పాలి, ఆ మనిషి వచ్చి కళ్లారా చూశాకే బయటికి అంది. అక్కడ మళ్లీ మాటా మాటా పెరిగింది. అతను వెళ్లిపోయేటప్పటికి పొయ్యి భగభగా మండుతోంది, ఆమె కాఫీ పెట్టుకుంటోంది.

"ఎవరా మనిషి?"

"పేరు చెప్పలేదు మేడమ్. వాళ్లకు తెలియకుండా బయటపెడితే పాపం అంది. అంతే."

"గొడ్డలి ఏది? పదిమంది వెతికారు. గొడ్డలి లేదు, గుడారం లేదు. తుపాను కప్పేసిందంటాడు. వీడు నోరు తెరిస్తే అన్నీ అబద్ధాలే," అన్నాడు బ్రెక్కే.

నేను లేచి నిలబడ్డాను. గుడిసె మళ్లీ చూడాలన్నాను. మీరు ఒకసారి చూశారు కదా, ఏం పీకారని అతను అడిగాడు. ఖైదీని పంపే కాగితం మీద స్థానిక అధికారిగా నా సంతకం కావాలనీ, గుడిసె చూడకుండా సంతకం పెట్టేది లేదనీ చెప్పాను. అతని మొహం ఎర్రబడింది. చివరికి తనూ వస్తానన్నాడు. నాకు ఏమీ దొరకదని కళ్లారా చూసి, అక్కడే ఆ గుడిసెలోనే నా చేత సంతకం పెట్టించుకుంటాడట.

"విమానం మాత్రం ఆగదు. వీణ్ణి ఎక్కించే ఏర్పాట్లన్నీ అయిపోయాయి. నేను ఫోన్ చేసి వద్దంటే తప్ప వీడు ఎక్కుతాడు," అన్నాడు.

"ఆ ఫోన్ మీ చేతే చేయిస్తాను," అన్నాను. "వెళ్లేముందు ఆ బురద తుడిచి వెళ్లండి. ఇక్కడ మీకు పనివాళ్లు లేరు."

తుడవలేదనుకోండి.

ఊరి హద్దు దాటితే ఎలుగుబంట్ల నుంచి కాపాడటానికి తుపాకీతో ఒక మనిషి ఉండాలి. షెడ్డు దగ్గర ఆస్‌లాక్ అప్పటికే స్కూటర్లకు పెట్రోలు పోసి సిద్ధంగా ఉన్నాడు. మంచులో చిక్కుకున్నవాళ్లను కాపాడే దళానికి పెద్ద. డెబ్బైకి దగ్గరపడినా ఇనుప కడ్డీలా ఉంటాడు. హాల్‌స్టీన్‌కు స్వయానా మనవడు. పదేళ్లప్పుడు నాకు మంచు స్కూటర్ నడపడం నేర్పింది ఈయనే. ఆదివారం సున్నివా శవాన్ని మొదట చూసిందీ ఈయనే. దూరం నుంచే చచ్చిపోయిందని తెలిసి, ఆనవాళ్లు చెరగకూడదని గుడిసె గడప కూడా తొక్కకుండా తిరిగి వచ్చానని వాంగ్మూలం ఇచ్చాడు.

"ఆ ఓస్లో దొరను పడేయకుండా నడపమను అమ్మాయ్. మోసుకొచ్చే ఓపిక నాకు లేదు," అన్నాడు నా చెవిలో. చాలా రోజుల తర్వాత నవ్వాను.

శాటిలైట్ ఫోను, రేడియో, తిండి అన్నీ ఆస్‌లాక్ స్కూటర్ వెనక కట్టిన, మంచు మీద జారే బల్లబండిలో వేశాం. సగం దారిలో ఆగి వేడి కాఫీ, రొట్టె మీద బ్రౌన్ చీజ్ తిన్నాం. బ్రెక్కే వణుకుతూనే, సంతకానికి పెన్ను తెచ్చారా అని నన్ను ఎత్తిపొడిచాడు. ఆస్‌లాక్ పైపు వెలిగించుకున్నాడు. ఎప్పుడో చలికి కుళ్లి కుడిచేతి వేళ్ల కొసలు పోయాయి ఆయనకు. అగ్గిపెట్టెలోంచి పుల్ల తీయడం ఆ మొండి వేళ్లతో కాదు. అందుకని ఒక కొవ్వొత్తి ముక్కలో నాలుగైదు పుల్లలు నిలువుగా గుచ్చి జేబులో పెట్టుకుంటాడు. పుల్లను అరచేతి అంచుతో లాగి గీస్తాడు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే కాబట్టి నేను పెద్దగా పట్టించుకోలేదు.

గుడిసె చేరగానే బ్రెక్కే నేరుగా లోపలికి వెళ్లిపోయాడు. నేను తలుపు దగ్గర ఆగాను. సున్నివా ఎందుకు ఏడ్చిందో ముందు అది తెలియాలి.

మా గుడిసెల తలుపులు బయటికి తెరుచుకుంటాయి, ఎలుగు తోసినా లోపలికి రాకుండా. దీనికి లోపల ఒక అడ్డగడియ, బయట ఒక అడ్డగడియ. తలుపు కింది సగంలో లోతుగా దిగిన పాత గీతలున్నాయి. అవి ఎలుగు గోళ్ల గీతలని మాకు చిన్నప్పుడే చెప్పారు, బడి పిల్లల్ని ఇక్కడికి తెచ్చి చూపిస్తారు కూడా. నేను మోకాళ్ల మీద కూర్చుని చేతి తొడుగు తీసి వేలు పెట్టి తడిమాను. గోళ్లు గీస్తే గీతలు పక్కపక్కనే సమానంగా పోతాయి. ఇవి ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పడ్డాయి. ఒక్కో దెబ్బ అడుగున సన్నగా, సూటిగా, గొడ్డలి అంచంత. అవీ నేలకు దగ్గరగానే. కొట్టినవాళ్లు నిలబడి కొట్టలేదు. నిలబడే శక్తి వాళ్లకు లేదు.

నూరేళ్లకు పైగా మేమంతా ఎలుగు అనుకుంటూ వచ్చాం.

నా తుపాకీ బయట గోడకు ఆనించాను. చలిలోంచి లోపలికి తెస్తే గొట్టంలో చెమ్మ చేరి గడ్డకడుతుంది కాబట్టి ఎవరూ లోపలికి తేరు. ఆస్‌లాక్ గుట్ట వైపు చూస్తూ కాపలా నిలబడ్డాడు. కిటికీలకు ఎలుగుల భయానికి మేకులు తేలిన చెక్కలు బిగించి ఉన్నాయి. తెరిచిన తలుపులోంచి వచ్చే వెలుతురూ, బ్రెక్కే చేతిలో టార్చీ తప్ప లోపల చీకటే.

అన్నీ మేము మొదటిసారి చూసినట్టే ఉన్నాయి. బల్లమంచం మీద సున్నివా పడక సంచి పరిచి ఉంది. కప్పులో సగం కాఫీ గడ్డకట్టి ఉంది. గిన్నెలో అంబలి రాయిలా ఉంది. ఎవరో వస్తారని ఎదురుచూస్తూ హాయిగా రాత్రికి సిద్ధమైన మనిషి గది అది.

"చూశారా? కొత్తగా ఏముంది?" అన్నాడు బ్రెక్కే. "సంతకం పెట్టండి. చేతులు కొంకర్లు పోతున్నాయి, ఈలోపు నేను ఈ పొయ్యి వెలిగిస్తాను. పాపం, ఎవరో అన్నీ పేర్చి పెట్టారు."

"దాన్ని ముట్టుకుంటే చేతులు విరగ్గొడతాను," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

పొయ్యి తలుపు తెరిచి టార్చీ వెలుగు వేశాను. అడుగున సన్నగా చెక్కిన తరుగు, పైన పుల్లలు, ఆ పైన సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన మాను నుంచి చీల్చిన కట్టెలు. రెప్పవాల్చకుండా చూస్తూ ఉండిపోయాను. మొదటి రోజు నేనూ చూశాను, మా వాళ్లంతా చూశారు, ఒక్కరికీ కనపడలేదు. ప్రతి గుడిసెలో ఉన్నదే ఇక్కడా ఉంది, అందుకని కనపడలేదు. ఎక్కడైనా పొయ్యి ఖాళీగా ఉంటే మా ఊరివాళ్లు ఉలిక్కిపడతారు. పేర్చి ఉంటే కన్ను ఆగదు. మా మంచి అలవాటే మా కళ్లు కప్పేసింది.

"జెనన్ ఇదంతా పారబోశాడు, పెట్రోలుతో మంట పెట్టాడు," అన్నాను. "ఇదిగో, తలుపు మీద మసి. మరి ఇప్పుడు ఇది పేర్చిందెవరు?"

"ఆమే పేర్చి ఉంటుంది."

"రాత్రి ఇక్కడే పడుకోబోయే మనిషి మండే పొయ్యి ఆర్పి, చల్లారాక బూడిద ఎత్తిపోసి, కొత్తగా పేర్చి, బయటికెళ్లి చస్తుందా? ఈ చలిలో?"

"అయితే జెనన్."

"అతనికి ఇది చెత్త. అలా అన్నందుకు మీరే నవ్వారు."

బ్రెక్కే వంగి పొయ్యిలోకి చూశాడు. మూర్ఖుడే కానీ మొద్దు కాదు. నెమ్మదిగా అన్నాడు, "ఆమెను చంపినవాడు పొయ్యి చల్లారేదాకా ఇక్కడే కూర్చున్నాడు."

"కూర్చుని, తర్వాత వచ్చేవాడి కోసం పేర్చి వెళ్లాడు. ఇలా చేసేది ఇక్కడివాడే. మా వాడే."

ఆ మాట నా నోట్లోంచి వస్తుంటే ఒళ్లంతా మండిపోయింది. నాలుగు రోజులుగా ఈ ఓస్లో వాడి మీద పళ్లు నూరుతున్నాను. అసలు నూరాల్సింది ఇంకెవరి మీదో. అగ్గిపుల్ల ఎక్కడ పెట్టాడా అని పొయ్యి వెనక అరుగు మీద టార్చీ తిప్పాను. అక్కడ అగ్గిపెట్టె లేదు. కొవ్వొత్తి ముక్క ఉంది, అందులో నిలువుగా గుచ్చిన మూడు పుల్లలు ఉన్నాయి.

బ్రెక్కేను నోరు మూసుకుని వినమని సైగ చేసి, ఆ ముక్కను పిడికిట్లో దాచి తలుపు వైపు తిరిగాను.

"ఆస్‌లాక్, ఆదివారం నువ్వు లోపలికి రాలేదు కదా?"

"చెప్పాను కదమ్మాయ్. గడప తొక్కలేదు." ఆయన తలుపుకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. నా తుపాకీ ఆయన భుజానికి వేలాడుతోంది.

"ఈ తలుపు మీద గీతలు ఎలుగువేనా?"

ఆయన నా పిడికిలి వైపు చూశాడు. ఆ తర్వాత ఆయన గొంతు ఇంట్లో కూర్చుని కబుర్లు చెబుతున్నట్టు మామూలుగానే ఉంది.

"ఎనిమిది మంది వచ్చారు. తాత దగ్గర ఒక్కడికి సరిపడా తిండే ఉంది. తలుపు తీస్తే అందరూ పోయేవాళ్లు. రెండు రాత్రులు కొట్టారట. తర్వాత గుట్ట వెనక్కి పోయారు. మా నాన్నకు చెప్పాడు, నాన్న నాకు చెప్పాడు. ఆయన చచ్చేదాకా ఆ పొయ్యి పేరుస్తూనే ఉన్నాడు అమ్మాయ్. ఊరంతా నేర్చుకుంది. అది చాలదా?"

"సున్నివా నిన్ను ఎందుకు పిలిచింది?"

"ముందు నీకే చెప్పాలనిపించింది అంది. మంచి పిల్ల. రాయొద్దని బతిమాలాను. పేరుతో సహా రాస్తానంది. గొడ్డలి బల్ల మీదే ఉంది."

నేను అరవకూడదనుకున్నాను, కానీ అరిచేశాను. "నీకు మర్యాద ఇచ్చినందుకు దాన్ని చంపావు. చంపి, ఇక్కడ కూర్చుని చలి కాచుకున్నావు. పరాయివాణ్ణి జైలుకు తోసి, మాతో కాఫీ తాగి, పైపు కాల్చుకున్నావు. తర్వాత వచ్చేవాడి మీద జాలిపడి పొయ్యి పేర్చావు. సిగ్గులేదూ నీకు?"

"పొయ్యి అలా వదిలేసి ఎలా వెళ్తాను?" అన్నాడు ఆస్‌లాక్. నిజంగానే అర్థంకానట్టు అడిగాడు.

నేను ముందుకు దూకాను. తలుపు నా మొహం మీదే మూసుకుంది. బయట అడ్డగడియ పడిన చప్పుడు. బ్రెక్కే, నేను ఇద్దరం భుజాలతో తోశాం. ఎలుగు తోసినా కదలని తలుపు అది.

చెక్కల అవతల నుంచి ఆయన గొంతు వినిపించింది. "గుట్ట వెనక పనుంది. అవి అక్కడ ఉండకూడదు. తర్వాత సంగతి తర్వాత. పొయ్యి సిద్ధంగా ఉంది. పుల్లలు వెనక అరుగు మీద కొవ్వొత్తికి గుచ్చి ఉన్నాయి, తడుముకోండి. చలికి చావొద్దు."

ఒక స్కూటర్ స్టార్టయింది. బల్లబండి దాని వెనక దడదడలాడుతూ పోయింది, మా ఫోనుతో, రేడియోతో. ఆ ఎనిమిది మందిని రెండోసారి పాతిపెట్టడానికి పోతున్నాడు. మేము ఇక్కడికి వచ్చినట్టు బాగా తెలిసిన మనిషి ఆయనొక్కడే.

"విన్నారా?" అన్నాను చీకట్లో.

"విన్నాను," అన్నాడు బ్రెక్కే. "లోపలికే రాలేదన్నవాడు పుల్లలు ఎక్కడున్నాయో చెప్పాడు." ఈసారి అతను నాతో గొడవపడలేదు.

అప్పుడే ఎక్కడో పైన విమానం చప్పుడు వినిపించింది. దక్షిణానికి తిరుగుతోంది. బ్రెక్కే తల పైకెత్తాడు. ఒక్క ఫోన్‌తో ఆపగలిగిన విమానం. ఆ చప్పుడు పూర్తిగా వినిపించకుండా పోయింది. తర్వాత అతను నేల మీద చతికిలబడి, తన బూట్ల వైపే చూస్తూ, "ఆ కుర్రాణ్ణి నేనే వెనక్కి తెస్తాను," అన్నాడు.

"ముందు మనం వెనక్కి వెళ్లాలి," అన్నాను.

ఇందాకటి దాకా జెనన్‌ను కాపాడగలిగింది ఆ పొయ్యి ఒక్కటే. ఇప్పుడు సాక్ష్యం మా నాలుగు చెవుల్లో ఉంది. ఆ చెవులు తెల్లారేదాకా బతికి ఉండాలి. పిడికిట్లోని కొవ్వొత్తి నుంచి ఒక్క పుల్ల లాగి, మిగిలిన రెండింటితో ముక్కను లోపలి జేబులో భద్రంగా పెట్టుకున్నాను. వాడు పేర్చిన మంటతో ఒళ్లు కాచుకోవడం కంటే గడ్డకట్టి చావడం నయమనిపించింది. కానీ సున్నివా తరఫున మాట్లాడటానికి ఇంకెవరున్నారు? మోకాళ్ల మీద కూర్చుని గీశాను.

ఒక్క పుల్లకే అంటుకుంది. అంత బాగా పేర్చాడు, దుర్మార్గుడు.